ఫోన్-ఇన్: ఆన్‌లైన్ చదరంగంలో నా సెకన్లు ఎక్కడికి పోతున్నాయి?

వ్యాఖ్యాత: ఈ వారం చదరంగం శిక్షకులు, ఆర్బిటర్‌గానూ (పోటీల నిర్ణేతగానూ) పనిచేస్తున్న సార్ మనతో ఉన్నారు. మొదటి ఫోన్ తెనాలి నుంచి. చెప్పండి.

శ్రోత (తెనాలి): నమస్కారం సార్. డిగ్రీ చదువుతున్నాను. లీచెస్ అనే చదరంగం వెబ్‌సైట్‌లో ఒక నిమిషం ఆటలు ఆడతాను. ఎత్తు వెంటనే వేసినా సెకన్లు కరిగిపోతున్నాయి. నిన్న ఒక్క ఎత్తులో మాట్ ఉండగా టైం అయిపోయింది.

సలహాదారు: బాబూ, అసలు గడియారం ఉన్నది సర్వరులో, అంటే ఆ సైటు నడిపే కంప్యూటర్‌లో. నీ తెరమీద తిరిగేది దాని నకలు. ఎదుటివారి ఎత్తు సర్వరుకు చేరగానే నీ టైం మొదలవుతుంది. ఆ ఎత్తు నీ దాకా రావాలి, నీ జవాబు మళ్లీ అక్కడికి వెళ్లాలి. లీచెస్ సర్వర్లు ఫ్రాన్స్‌లో ఉన్నాయి, మనకు ఏడున్నర వేల కిలోమీటర్ల పైమాటే. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే రానూ పోనూ 75 మిల్లీసెకన్లు ఎవరికీ తప్పవు. కేబుళ్లు సూటిగా పోవు కాబట్టి 150 అనుకో. 50 ఎత్తులు ఆడితే ఏడున్నర సెకన్లు! నిమిషం ఆటలో అది ఎంత పెద్ద మొత్తమో చూడు.

శ్రోత: దూరంగా ఉన్నవాళ్లకు ఇక అన్యాయమేనా సార్?

సలహాదారు: అది జరగకూడదనే దారిలో పోయిన సమయాన్ని సర్వరు లెక్కగట్టి నీ గడియారానికి తిరిగి జమ చేస్తుంది. అయితే దానికి పరిమితి ఉంది. ప్రతి ఎత్తుకూ ఒకే తీరుగా 200 మిల్లీసెకన్ల ఆలస్యం ఉన్నవారికి దాదాపు అంతా తిరిగి వస్తుంది. మామూలుగా 150 ఉండి, ఒక్కసారి మూడు సెకన్లు ఆగిపోయిందా, అందులో చాలా భాగం నీ నష్టమే. అందుకే వేగం కంటే నిలకడ చూసుకో. నువ్వు ఆడే వేళకు ఇంట్లో ఎవరి ఫోనులోనైనా ఫోటోలు, వీడియోలు అప్‌లోడ్ అవుతుంటే ఆపమను. కంప్యూటర్ అయితే రౌటరుకు కేబుల్ పెట్టు, ఫోను అయితే రౌటరున్న గదిలో కూర్చో. ఇంకో మాట, ఎత్తుకు రెండు సెకన్లు కలిసే మూడు నిమిషాల ఆటలకు మారు. నిన్నటి మాట్ అందులో నీకు దక్కేది.

వ్యాఖ్యాత: సిద్దిపేట నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయులు.

శ్రోత (సిద్దిపేట): ఇంక్రిమెంట్ లేని, అంటే ఎత్తుకు సెకన్లు కలవని ఆట అండీ. ఎదుటి గడియారం మూడు సెకన్లు చూపిస్తోంది. ఆయన ఎత్తు వేయగానే నాలుగు అయింది. ఇది మోసం కాదా?

సలహాదారు: కాదు మాస్టారూ. ఇప్పుడు చెప్పిన జమనే మీరు ఇవతలి వైపు నుంచి చూశారు. ఎత్తు వచ్చేదాకా మీ తెర సెకన్లు తగ్గిస్తూనే ఉంటుంది. వచ్చాక సర్వరు లెక్క సరిచేస్తుంది. మీ గడియారమూ ఆయనకు అలాగే కనిపిస్తుంది. మోసం అని సందేశం పెట్టకండి, ఎదుటివారిని చాలా బాధపెడుతుంది.

శ్రోత: కావాలని ఆలస్యం చేసి సమయం కొట్టేయలేరా?

సలహాదారు: పరిమితి పెట్టింది ఆ భయంతోనే. 1992లో ఇంటర్నెట్ చెస్ సర్వర్ మొదలైనప్పుడు ఈ సర్దుబాటు లేదు, ఆలస్యమంతా ఆటగాడి నెత్తినే. తరువాత టైంసీల్, టైంస్టాంప్ అనే ప్రోగ్రాములు వచ్చాయి. ఎత్తుకు ఎంత సేపు పట్టిందో ఆటగాడి కంప్యూటరే కొలిచి చెప్పేది. ఆ లెక్కను మార్చి చెప్పే ప్రమాదమూ దానితోనే వచ్చింది. హద్దు లేకుండా నమ్మితే నిజాయితీపరులు నష్టపోతారు, అసలు నమ్మకపోతే దూరం వాళ్లు నష్టపోతారు. ఈ మధ్యేమార్గం న్యాయమైనదనే నా అభిప్రాయం.

వ్యాఖ్యాత: నెల్లూరు నుంచి ఒక తల్లి.

శ్రోత (నెల్లూరు): సార్, మా అమ్మాయికి పన్నెండేళ్లు. ఆన్‌లైన్ టోర్నీలో గెలిచే ఆటలో నెట్ పోయింది. ఓడినట్టు రాశారు. రాత్రంతా ఏడ్చింది.

సలహాదారు: అయ్యో, పాపకు ధైర్యం చెప్పండమ్మా. పెద్దవాళ్లకూ ఇది జరిగింది. దేశాల జట్లు ఆడే 2020 ఆన్‌లైన్ చదరంగం ఒలింపియాడ్ క్వార్టర్ ఫైనల్లో మన నిహాల్ సరీన్‌తో ఆడుతుండగా ఆర్మేనియాకు చెందిన హైక్ మార్టిరోస్యాన్‌కు కనెక్షన్ తెగింది. వాళ్ల అప్పీలు తిరస్కరించారు, ఆర్మేనియా తప్పుకుంది. సెమీస్‌లో మన కోనేరు హంపి ఆర్మగెడాన్ ఆట, అంటే సమంగా ఉన్నప్పుడు విజేతను తేల్చే చివరి ఆట గెలిచి జట్టును ఫైనల్‌కు చేర్చింది. ఆగస్టు 30న రష్యాతో ఫైనల్లో నిహాల్‌కు, దివ్య దేశ్‌ముఖ్‌కు నెట్ పోయింది. ఆ రోజు ఇంటర్నెట్ అంతరాయం అనేక దేశాలను తాకింది. ప్రపంచ చదరంగం సమాఖ్య ఫిడే రెండు జట్లకూ స్వర్ణం ఇచ్చింది. నేను సంతోషించాను, కానీ ఆర్మేనియా వాళ్ల బాధ కూడా న్యాయమైనదే.

శ్రోత: మరి మేమేం చేయాలి? ఆదివారం ఇంకో టోర్నీ ఉంది.

సలహాదారు: నెట్ బాధ్యత ఆటగాడిదే అని చాలా టోర్నీల నిబంధన. కాబట్టి తెగితే ఎంతసేపట్లో తిరిగి రావచ్చు, అప్పుడు గడియారం నడుస్తుందా, ఆర్బిటర్‌ను ఏ నంబరులో పిలవాలి, ఇవి మొదటి రౌండుకు ముందే రాతపూర్వకంగా అడగండి. రెండో కంపెనీ సిమ్ ఉన్న ఫోనులో హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచి, శనివారం ఒక ఆట మధ్యలో దానికి మారి చూడమనండి. రౌటరుకు ఇన్వర్టర్ కనెక్షన్ ఉందా?

శ్రోత: లేదు సార్, ఫ్యానుకే ఉంది.

సలహాదారు: రౌటరుకూ ఇప్పించండి. కరెంటు పోతే ముందు పోయేది అదే.