వంకర బాణం అన్నాను, ఎంటర్ కొట్టాడు

నమస్తే. ఈ వారం ఎక్సెల్ గురించి చెప్తానన్నాను కదా, అది వచ్చే వారానికి పోయింది. మొన్న సోమవారం పొద్దున నాకొక ఫోన్ వచ్చింది. ముందు దాని సంగతి చెప్పాలి. అందులో సగం తప్పు నాదే.

మా బావకు దేవరకొండలో జిరాక్స్ షాపుంది. జిరాక్స్, లామినేషన్, అర్జీలు టైపు చేయడం, ఇవీ పనులు. సోమవారం అంటే ప్రజావాణి. నల్లగొండ కలెక్టరేట్‌కు పోయేవాళ్లు పొద్దున్నే వచ్చి అర్జీ టైపు చేయించుకుని బస్సెక్కుతారు. ఆ రోజు ఒక పెద్దమనిషి భూమి అర్జీ తెచ్చాడు. పైన విషయం, కింద సర్వే నంబర్లు, ఎకరాలు, గుంటలు రాసిన టేబుల్. వర్డ్‌లో అంతా ఒక్క పేజీలో సరిపోయింది. ప్రింట్ కొడితే మాత్రం రెండు కాగితాలు వచ్చాయి. రెండోది తెల్ల కాగితం. "దీనికి గూడ పైసలియ్యాల్నా?" అని పెద్దమనిషి. బావ డిలీట్ నొక్కాడు, బ్యాక్‌స్పేస్ నొక్కాడు, ఖాళీ పేజీ కదల్లేదు. నాకు ఫోన్ కొట్టాడు.

నేనేమో ఇంట్లో చాయ్ తాగుతున్నాను, కంప్యూటర్ ముందు లేను. "బావా, హోమ్‌లో పైన ఉల్టా పి లాంటి బొమ్మ ఉంటది చూడు, అది నొక్కు" అన్నాను. నొక్కాడు.

"అరె, ఏం జేయించినవ్ బామ్మర్దీ! పేజీ నిండ చుక్కలొచ్చినయ్. జొన్నలు ఆరబోసినట్టున్నయ్. వైరస్ ఎక్కిందా ఏంది?"

ఆగు, చెప్తా అనేలోపు ఫోన్ కట్.

ఆ చుక్కల సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఆ ఉల్టా పి (¶) కొత్తగా ఏదీ చేర్చదు, ఉన్నదాన్ని చూపిస్తుంది, అంతే. స్పేస్ ఒకసారి కొడితే ఒక చుక్క. ట్యాబ్ కొడితే చిన్న బాణం. ఎంటర్ కొట్టిన ప్రతి చోటా ఒక ఉల్టా పి. చేతికి ఎక్స్‌రే తీసినట్టు. ఎముక విరిగింది ఎక్స్‌రే వల్ల కాదు కదా! ఆ గుర్తులు ప్రింటులో కూడా రావు. కీబోర్డు నుంచైతే కంట్రోల్, షిఫ్ట్, 8. వర్డ్ బదులు లిబ్రె ఆఫీస్ వాడేవాళ్లకు కంట్రోల్, ఎఫ్10. ఒకసారి నొక్కితే వస్తాయి, మళ్లీ నొక్కితే పోతాయి. నొక్కినా పోలేదంటే ఫైల్, ఆప్షన్స్, డిస్‌ప్లేలో ఎవరో టిక్కు పెట్టి ఉంటారు, అది తీసేయండి.

అసలు అది పి కూడా కాదు. యూరప్‌లో చేతిరాత పుస్తకాల కాలంలో కొత్త భాగం మొదలైందని చెప్పడానికి లాటిన్ మాట కాపిటులుం మొదటి అక్షరం సి రాసి, దానికి గీతలు పెట్టేవాళ్లు. ఆ సి రాను రాను నిండిపోయి ఈ ఆకారం తేలింది. మనవైపు చూస్తే, నల్లగొండ పక్కన పానగల్లు గుళ్లలో శాసనాలున్నాయి కదా, అక్షరం వెంట అక్షరం పోతూనే ఉంటుంది, పేరాలేం ఉండవు. మనకు ఆ గుర్తు కొత్తగా కనబడటంలో వింతేం లేదు. సరే, ఫోన్ దగ్గరికి వద్దాం.

ఫోన్ కట్ అయ్యాక బావ ఊరుకోలేదు. జొన్నలు ఊడ్చేద్దామని చూశాడు. పైన ఇంగ్లీషు ఏ (A) అక్షరం పక్కన రబ్బరు బొమ్మ ఉంటుంది. రబ్బరు అంటే చెరిపేది, చుక్కల్ని చెరుపుతుందనుకున్నాడు. కంట్రోల్ ఏ కొట్టి అంతా సెలెక్ట్ చేసి ఆ రబ్బరు నొక్కాడు.

చుక్కలు పోలేదు, తెలుగు పోయింది. మొత్తం అర్జీ అర్థంకాని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు అయిపోయింది.

ఎందుకంటే ఆ రబ్బరు అక్షరాల్ని చెరపదు, వాటి ముస్తాబును తీసేస్తుంది. బోల్డ్, సైజు, రంగు, ఫాంట్ అన్నీ పోతాయి. యూనికోడ్‌లో, అంటే మనం ఫోన్లో కొట్టే తెలుగులా టైపు చేస్తే, ఫాంట్ పోయినా తెలుగు తెలుగుగానే ఉంటుంది. బావ వాడేది డీటీపీ వాళ్ల, అంటే ప్రెస్సుకు పేజీలు టైపు చేసేవాళ్ల, పాత ఫాంట్. ఆ ఫైల్లో లోపల ఉన్నది ఇంగ్లీషు కోడే, పైన తెలుగు బొమ్మ తొడిగారు. ఫాంట్ తీసేస్తే తొడుగు ఊడినట్టే. తెలుగు పోలేదు, చొక్కా విప్పింది. మళ్లీ ఆ ఫాంట్ పెడితే తిరిగొస్తుంది, కాకపోతే సైజులు, బోల్డ్‌లు మళ్లీ చేసుకోవాలి.

ఈలోపు ఫోన్ మళ్లీ మోగింది. బావ గొంతు మారిపోయింది. వెనుక నుంచి పెద్దమనిషి, "బస్సు పోతది సారూ" అంటున్నాడు. నాకూ టెన్షన్ పట్టుకుంది. ఇక్కడే నేను తప్పు చేశాను.

"ఏం గాదు బావా, వంకర బాణం నొక్కు" అన్నాను.

నా మనసులో ఉన్నది పైన ఎడమ మూలన ఉండే అన్‌డూ బాణం. బావ కళ్లముందు ఉన్నది కీబోర్డు. దాని మీద కూడా వంకర బాణం ఉంది, ఎంటర్ మీద. అది కొట్టాడు. అంతా సెలెక్ట్ అయి ఉంది కదా, అప్పుడు ఎంటర్ కొడితే ఏమవుతుంది? ఉన్నదంతా పోయి ఖాళీ లైనే మిగులుతుంది. తెల్ల పేజీ, దాని మీద ఉల్టా పి తప్ప ఇంకేం లేదు.

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

తర్వాత నేను బొమ్మల ఊసెత్తలేదు. "బావా, కంట్రోల్ పట్టుకుని జెడ్ కొట్టు." కొట్టాడు. పిచ్చి అక్షరాలు తిరిగొచ్చాయి. "ఇంకోసారి." తెలుగు వచ్చింది. ఆ ఊపిరి నాకు ఫోన్లో వినిపించింది.

ఇక అసలు జబ్బు. వర్డ్‌లో ఫైలు చివర టేబుల్ ఉంటే దాని కింద ఒక ఖాళీ పేరా తప్పకుండా ఉంటుంది, డిలీట్ కొట్టినా పోదు. టేబుల్ పేజీ అడుగు దాకా వస్తే ఆ పేరాకు చోటు లేక తర్వాతి పేజీకి దిగుతుంది. ఉల్టా పి నొక్కితే ఆ రెండో పేజీలో ఒంటరిగా కూర్చుని కనబడుతుంది. దాన్ని సెలెక్ట్ చేసి ఫాంట్ సైజు దగ్గర 1 అని టైపు చేసి ఎంటర్ కొట్టండి. అప్పటికీ పైకి రాకపోతే ఆ పేరా స్పేసింగ్ ముందూ వెనుకా సున్నా చేయండి, లైన్ స్పేసింగ్ సింగిల్ పెట్టండి. బావకు 1 పెట్టగానే పని అయిపోయింది. ఒకటే కాగితం. పెద్దమనిషికి బస్సు దొరికింది.

అయితే నాకు ఆ రోజంతా ఇదే ఆలోచన. మనం బొమ్మ పేరు చెప్తాం, వినేవాడు తనకు తెలిసిన వస్తువును వెతుకుతాడు. పేస్ట్ బొమ్మ మనకు పరీక్ష అట్ట. సేవ్ బొమ్మను మా దగ్గర నేర్చుకునే పిల్లలు మెమరీ కార్డు అంటారు. అది 1.44 ఎంబీ ఫ్లాపీ, ఇప్పటి ఫోన్ ఫొటో ఒక్కటి కూడా చాలాసార్లు దాంట్లో పట్టదు. మెమరీ కార్డు అనుకున్నా నష్టం లేదు, దాచిపెట్టే వస్తువే కదా. పెయింట్ బ్రష్‌తోనే చిక్కు. రంగు వేస్తుందనుకుని నొక్కుతారు. అదేమో ఒకచోటి ముస్తాబు ఇంకోచోటికి పూస్తుంది. రెండుసార్లు నొక్కితే ఆగదు, ముట్టుకున్న ప్రతి లైనూ మారిపోతుంటుంది, దయ్యం పట్టినట్టు. ఎస్కేప్ కొడితే వదిలేస్తుంది.

నేనిప్పుడు ఫోన్లో ఎవరికైనా చెప్పాల్సొస్తే, "మౌస్ ఆ బొమ్మ మీద పెట్టు, నొక్కకు, కింద పేరొస్తది, చదువు" అంటున్నాను. స్పెల్లింగ్ చదివినా సరే. లేకపోతే కీలు చెప్తున్నాను. జెడ్‌కు దేవరకొండలో, నల్లగొండలో ఒకటే అర్థం.

సాయంత్రం ఏడింటికి బావ మళ్లీ ఫోన్ చేశాడు. "బామ్మర్దీ, ఇయ్యాల నలభై అర్జీలు కొట్టిన. ఆ జొన్నలు మాత్రం ఇంక పోలే."

మళ్లీ ఉల్టా పి నొక్కమని చెప్పడం నేను పొద్దున మర్చేపోయాను.