ఈ యాప్ లెక్కన నా హెచ్-ఇండెక్స్ 38 అండీ!

ఆయ్, నమస్కారమండీ. భీమవరం నుంచి మీ సత్యనారాయణ. ముందే చెప్పేస్తున్నా, ఈ యాప్ వాళ్లు నాకు మూడు నెలల ప్రీమియం ఊరికే ఇచ్చారు. డబ్బులేం ఇవ్వలేదు. ఈ వీడియో చూశాక ఇస్తారన్న ఆశ కూడా లేదు.

ఫీచర్లు, ప్లాన్లు, నెలకెంత, ఇవన్నీ మీరు వేరే ఛానెళ్లలో చూసేసే వచ్చుంటారు. సైంటిస్టు పేరు కొడితే ఎన్ని పరిశోధన పేపర్లు రాశాడు, ఎవరెవరు వాటిని సైట్ చేశారు, అంటే తమ పేపర్లలో ప్రస్తావించారు, హెచ్-ఇండెక్స్ ఎంత, అన్నీ ఒక్క స్క్రీన్ మీద పెడుద్ది. అంతే.

హెచ్-ఇండెక్స్ తెలీనివాళ్లకి ఒక్క ముక్క. 2005లో హిర్ష్ అని ఒక ఫిజిక్స్ ఆయన కనిపెట్టిన లెక్క ఇది. మీ పేపర్లలో పదింటికి, ఒక్కోదానికి కనీసం పదేసి సైటేషన్లు ఉన్నాయనుకోండి, మీ హెచ్ 10. మన రొయ్యకి కౌంట్, అంటే కిలోకి ఎన్ని తూగుతాయన్నది, ఎలాగో సైంటిస్టుకి ఇదలాగ. కాకపోతే చెరువు గట్టు మీద 30 కౌంట్ వాడు కాలరెగరేస్తాడు, 100 కౌంట్ వాడు మాట్లాడడు. ఇక్కడ తిరగబడుద్ది.

ఫస్ట్ టెస్ట్ యోషినోరి ఓసుమి మీద చేశా. జపాన్ సెల్ బయాలజిస్టు, 2016 మెడిసిన్ నోబెల్ ఆయనొక్కడికే ఇచ్చారు. తిండి లేక మాడుతున్న ఈస్ట్ కణం తన లోపలి సరుకునే మూటగట్టి, వాక్యూల్ అనే అరిగించే సంచిలో పడేసి కరిగించుకుంటుంటే మైక్రోస్కోపులో చూసిన మనిషి. ఆటోఫజీ అంటారు కదా, అదే. ఆ పేపరు 1992ది. మరుసటేడు, ఆ పని చెయ్యలేని మ్యూటెంట్లని, అంటే జన్యువు మారిపోయిన ఈస్ట్‌లని, పట్టుకుని 15 జన్యువులకి దారి తీసిన పేపరు ఫెబ్స్ లెటర్స్ అనే పత్రికలో వేశాడు. గట్టిగా ఆరు పేజీలు! యాప్ రెండూ చక్కగా చూపించింది, ఏడాదివారీ గ్రాఫ్ కూడా ముచ్చటగా ఉంది. కానీ ప్రతి పేపరు పక్కనా పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్, అంటే ఆ పత్రికలో పేపర్లకి సగటున ఎన్ని సైటేషన్లొస్తాయన్న అంకె, ఇంత లావున, ఎర్ర బిళ్లలో! ఏ పత్రికలో పడిందన్నది చూసి పేపరుకి వెల కట్టొద్దని 2012లో ఎవరు మొదలెట్టారండీ? సెల్ బయాలజిస్టులే. అమెరికన్ సొసైటీ ఫర్ సెల్ బయాలజీ మీటింగులో పుట్టిందే డోరా డిక్లరేషన్. వాళ్ల పేపర్లకే ఈ బిళ్ల తగిలించారు. సరే, వదిలేద్దాం.

అసలు మంట ఇప్పుడు చెప్తా.

నా పేరు కొట్టా. కె. సత్యనారాయణ. నా పనల్లా రొయ్య రక్తకణాల మీద, వైట్ స్పాట్ వైరస్ సోకితే అవేం చేస్తాయని. పేపర్లు తొమ్మిది, హెచ్ 4. సిగ్గేముందండీ, ఉన్నది అంతే. యాప్ ఏం చూపించిందో తెలుసా? 38! మా ఆవిడ పక్కనుంచి చూసి, "ఏవండోయ్, ఇన్నాళ్లూ చెప్పలేదే" అంది, ఎటకారంగా. స్క్రోల్ చేస్తే సిమెంటు కాంక్రీటు మీద నేను రాశానంట, లేజర్ల మీద రాశానంట, వేరుశెనగ తెగుళ్ల మీదా రాశానంట.

అన్నవరం కొండ అంత దగ్గర పెట్టుకుని గోదావరి జిల్లాల్లో సత్యనారాయణలు ఎంతమందుంటారండీ! మా వీధిలో నిలబడి "సత్తిబాబూ" అని కేకేస్తే నాలుగు గుమ్మాల్లోంచి తలకాయలొస్తాయి. దానికి తోడు మనకి ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. వాళ్ల సాఫ్ట్‌వేరు సత్యనారాయణే ఇంటిపేరనుకుని కె అన్నవాళ్లందర్నీ ఒకే గాటన కట్టేసింది.

కోపమొచ్చి మా ఊరి పెద్దాయన్ని కొట్టా. యల్లాప్రగడ సుబ్బారావుగారు, 1895లో ఇదే భీమవరంలో పుట్టారు. ఫిస్కే అనే ఇంకో సైంటిస్టుతో కలిసి 1925లో భాస్వరం కొలిచే పద్ధతి రాశారు, నాలుగేళ్లకి ఏటీపీ మీద రాశారు. కణానికి కరెంటు బిల్లు కట్టేది ఏటీపీయే కదా! తమాషా ఏంటంటే, సైటేషన్లు కుప్పలుగా పడింది కొలత పద్ధతికి. ఏటీపీ పాఠ్యపుస్తకంలోకి ఎక్కిపోయింది, దాన్ని వాడేవాడు మూలపేపరు ఎందుకు సైట్ చేస్తాడు? ఈ సంగతి ఏ ఇండెక్స్‌కీ ఎక్కదు. ఆయన పేరూ అక్కడ సుబ్బారావు వై అనే ఉంటుంది, యల్లాప్రగడ వారంతా ఒక్క వై అక్షరంలో సర్దుకున్నారు. ఇక యాప్ ప్రకారం ఆయన మొన్న మొన్నటిదాకా పేపర్లు రాస్తూనే ఉన్నారు. 1948లో పోయారండీ ఆయన!

దీనికి మందు లేకపోలేదు. ఆర్కిడ్ అని 2012లోనే వచ్చింది, మనిషికో 16 అంకెల నంబరు, ఆధార్ లాగ. నాకుంది. యాప్‌లో ఆ నంబరు ఎక్కించే చోటు కూడా ఉంది, ఎక్కించా. 38 కాస్తా 36 అయింది. ఇంతకుముందు నేను గూగుల్ స్కాలర్ వాడేవాణ్ణి. అదీ అప్పుడప్పుడూ పక్కోడి పేపరు నా ఖాతాలో వేసేది, కాకపోతే టిక్కు పెట్టి తీసేస్తే పోయేది. ఇక్కడ కంప్లయింటు పెట్టి పదకొండు రోజులు ఆగాలి.

ఓసుమి లాంటి అరుదైన పేరుంటే కొనుక్కోండి, బాగుంది. రావులు, రాజులు, లక్ష్ములు, సత్యనారాయణలు మాత్రం రూపాయి పెట్టకండి. ఐదుకి ఒకటిన్నర, ఆ అర కూడా గ్రాఫుకే.

పదకొండో రోజు జవాబొచ్చిందండీ నిన్న. మొదటి లైను చదువుతా: "డియర్ కె..."