సైటేషన్ల లెక్కలో చేరని నాలుగు పేజీలు

(తిరుపతిలో ఒక ఆచార్యురాలి పదవీ విరమణ సన్మాన సభలో, లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరైన ఒకరి ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, మేడమ్ గారికి, వాళ్ల కుటుంబసభ్యులకు, ఎదురుగా కూర్చున్న విద్యార్థులకు నమస్కారం. పేర్లన్నీ వరసగా చదివితే వెనక సాంబారు చల్లారిపోతుంది. అందుకని అందరికీ కలిపి ఒకటే నమస్కారం.

మేడమ్ పరిశోధన గురించి రెండు ముక్కలు చెప్పమన్నారు. నేను శాస్త్రవేత్తను కాను, లైబ్రరీలో పనిచేసి రిటైరైనవాణ్ణి. కానీ ఎవరి పేపరు ఎవరు చదివారో, ఎవరు చదవకుండానే చదివామని రాసుకున్నారో లైబ్రరీవాడికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఆ ధైర్యంతో వచ్చాను.

గేటు దగ్గర ఫ్లెక్సీ చూశారు కదా. మేడమ్ ఫొటో కంటే సైటేషన్ల అంకె పెద్దది, అంటే ఆవిడ పేపర్లను ఇతరులు తమ పేపర్లలో ఎన్నిసార్లు ఉదహరించారో ఆ లెక్క. దాని కింద హెచ్ ఇండెక్స్. ఇంకా కింద ‘ప్రపంచ టాప్ రెండు శాతం శాస్త్రవేత్త’. కట్టిన పిల్లల అభిమానాన్ని నేను తప్పు పట్టను. వాళ్లు ఎండలో నిచ్చెన ఎక్కి కట్టారు. కానీ ఆ అంకెలు ఎక్కడ పుట్టాయో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. నేను చెబుతాను, వినండి.

అమెరికాలో గార్‌ఫీల్డ్ అని ఒకాయన ఉండేవాడు, యూజీన్ గార్‌ఫీల్డ్. ఫిలడెల్ఫియాలో కంపెనీ పెట్టి 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తెచ్చాడు. ఏ వ్యాసాన్ని తరవాత ఎవరెవరు ఉదహరించారో చూపించే పెద్ద పెద్ద సంపుటాలు. అక్షరాలు చీమల బారుల్లా ఉండేవి, భూతద్దం లేకుండా చదవలేం. ఆయనకు ఆ ఆలోచన వకీళ్ల దగ్గర దొరికింది. పాత తీర్పును తరవాతి కోర్టులు ఎక్కడెక్కడ ప్రస్తావించాయో వెతుక్కోవడానికి అమెరికా లాయర్లకు అప్పటికే అలాంటి సూచిక ఉండేది. అంటే ఇది మొదట వెతుక్కోవడానికి పుట్టింది. మనిషికి మార్కులు వేయడానికి కాదు.

ఆయన కంపెనీదే ‘కరెంట్ కంటెంట్స్’ అని ఇంకొకటి. చిన్న పుస్తకం. ప్రపంచంలోని పత్రికల విషయసూచికలన్నీ వారం వారం అందులో అచ్చయ్యేవి. అది లైబ్రరీకి వచ్చిన రోజు మా రీడింగ్ రూములో కుర్చీ దొరికేది కాదు. పత్రిక కొనే స్తోమత మనకు లేదు కాబట్టి అందులో శీర్షిక చూసి, రచయిత అడ్రసు రాసుకుని, ‘దయచేసి మీ వ్యాసం ఒక ప్రతి పంపగలరు’ అని కార్డు ముక్క పోస్టు చేసేవాళ్లు. రెండు నెలలకు జర్మనీ నుంచో జపాన్ నుంచో కవరు వచ్చేది. స్టాంపుల కోసం మా అటెండర్లు పోటీపడేవాళ్లు. అలా తెప్పించుకున్న వ్యాసాన్ని మనిషి అక్షరం అక్షరం చదివేవాడు. ఇప్పుడు ఒక్క నొక్కుకు యాభై పీడీఎఫ్‌లు దిగుతున్నాయి. ఎన్ని తెరుస్తున్నారో మీ గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి. సరే, విషయానికి వస్తాను. కాగితం మీద మూడు అంశాలు రాసుకొచ్చాను, మొదటిదే అయ్యేలా లేదు.

హెచ్ ఇండెక్స్‌ను హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త 2005లో ప్రతిపాదించాడు. హెచ్ ఇరవై అంటే, కనీసం ఇరవైసార్లు ఉదహరించబడిన పేపర్లు ఇరవై ఉన్నాయని అర్థం. జీవితంలో ఐదే పేపర్లు రాసి, ఐదూ వేలసార్లు ఉదహరించబడినా, ఆ మనిషి హెచ్ ఇండెక్స్ ఐదు దాటదు.

ఇక మేడమ్ సంగతి. ఆవిడ సగం పని ఆరోగ్యం మీద, సగం నగరం మీద. ఈ రెండింటి లెక్కలూ కలవవు. ఆరోగ్యరంగంలో ఒక పేపరు మీద ముప్పై పేర్లుండటం మామూలు. ప్రపంచంలోని జబ్బులన్నిటి భారం లెక్కగట్టే గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్ లాంటి అధ్యయనాల్లో రచయితలే వందల్లో ఉంటారు, ఉదహరించేవాళ్లు వేలల్లో. నగర అధ్యయనాల్లో ఒకరో ఇద్దరో రాస్తారు. బస్తీలో రెండేళ్లు తిరిగి రాస్తారు. చాలామంది పుస్తకంగా వేస్తారు, ఆ పుస్తకాలు ఈ డేటాబేసుల చేతికి సరిగ్గా చిక్కవు. పైగా ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఒకటి. పత్రికలో గత రెండేళ్లలో వచ్చిన వ్యాసాలకు ఈ ఏడు పడిన సైటేషన్లను ఆ వ్యాసాల సంఖ్యతో భాగిస్తారు. మురుగు కాలువల మీద వ్యాసాన్ని చదివి, ఊళ్లో సరిచూసుకుని, తను ఇంకోటి రాసి, రెండేళ్లలో అచ్చు చూసేవాడు ఎవడండీ? మేడమ్ ప్రొఫైల్ తెరిస్తే పైనుండేది ముప్పై మందితో కలిసి రాసిన పేపరే. అందులో ఆవిడ వాటా ఎంతో ఆవిడే నాతో నవ్వుతూ చెప్పారు, ఇక్కడ చెప్పను. ఒంటరిగా ఎండలో తిరిగి రాసిందేమో మౌస్ తిప్పగా తిప్పగా అడుగున కనబడుతుంది.

ఆ రెండు శాతం జాబితా స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసే ఐయొనిడిస్, ఆయన సహచరులు స్కోపస్ అనే సైటేషన్ల డేటాబేసు లెక్కలతో తయారుచేసేది. శాస్త్రాన్ని 22 రంగాలుగా, 174 ఉపరంగాలుగా విడగొట్టి, ఒక్కొక్కరినీ ఒక ప్రధాన ఉపరంగంలో కూర్చోబెడతారు. చాలామందికి చోటు దొరికేది ఆ ఉపరంగంలో రెండు శాతంలో ఉన్నందుకు. పైగా మొత్తం వృత్తి జీవితానికి ఒక జాబితా, ఒక్క ఏడాదికి ఇంకో జాబితా. పేపర్లో వచ్చిన వార్త ఏ జాబితాదో రాయరు. ఏ రెండు రంగాల మధ్య ఉన్నందుకు మేడమ్ గొప్పవారో, ఆ మధ్యనున్న జాగాకు అందులో గది లేదు.

ఇప్పుడు అసలు మాట. మన ఊరి చివర ఒక కాలనీలో, పేరు చెప్పను, ఏటా డెంగీ. దోమల మందు కొడుతున్నారు, ఫ్రైడే డ్రై డే, అంటే శుక్రవారం నీళ్ల పాత్రలు ఖాళీ చేసి ఆరబెట్టండి అంటున్నారు, తగ్గడం లేదు. మేడమ్ అక్కడికి వెళ్లి జ్వరాల లెక్క పక్కన కుళాయి నీళ్లు వచ్చే రోజుల లెక్క వేశారు. డెంగీ దోమ మురుగులో పుట్టదు, నిలవ ఉన్న మంచినీళ్లలో పుడుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి ఎనిమిది, పది రోజులు చాలు. ఆ కాలనీకి నీళ్లు గురువారం వస్తాయి. శుక్రవారం డ్రమ్ములు ఖాళీ చేయమంటే ఎవరు చేస్తారు? ఒకావిడ మేడమ్ ముఖాన్నే అనింది: “మళ్లా నీళ్లు ఎప్పుడొస్తాయో నువ్వు చెప్తావా మ్మా? నిన్న పట్టిన నీళ్లు ఈ పొద్దు పారబోసి, పిల్లోళ్లకి ఏం తాపేది?”

మేడమ్ ఆ మాట తీసుకుని తెలుగులో నాలుగు పేజీల కరపత్రం రాశారు, ఒక మ్యాపుతో. అందులో ముఖ్యమైన సంగతి ఒక్కటే: డ్రై డే అనేది క్యాలెండరును బట్టి కాదు, ఏ వీధికి ఏ రోజు నీళ్లొస్తాయో, దానికి ముందు పూట ఆ వీధిలో డ్రమ్ము కడగాలి. ఊరికే ఒంపితే చాలదు, పీచుతో గోడలు రుద్దాలి, ఎందుకంటే ఆ గుడ్లు తడి లేకున్నా గోడకు అంటుకుని నెలల తరబడి బతుకుతాయి. ఆ కరపత్రాన్ని జెరాక్సు మీద జెరాక్సు తీసి, అక్షరాలు అలికిపోయినదాన్ని ఒక శానిటరీ ఇన్‌స్పెక్టర్ గది గోడకు అతికించి ఉండగా చూశాను. ఆశా వర్కర్ల సంచుల్లో చూశాను. దానికి సైటేషన్లు సున్నా. ఆశా వర్కరు పేపరు రాయదు కదా, ఉదహరించడానికి!

పాపం యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకోండి. భీమవరంలో పుట్టినాయన. హార్వర్డ్‌లో ఫిస్కే అనే సహచరుడితో కలిసి 1925లో రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి అచ్చువేశారు. దశాబ్దాలపాటు బయోకెమిస్ట్రీ ల్యాబుల్లో అదే పద్ధతి. ఒక దశ దాటాక దాన్ని వాడేవాళ్లు మూల వ్యాసాన్ని ఉదహరించడం కూడా మానేస్తారు, అందరికీ తెలిసిందే కదా అని. మరీ ఎక్కువ పనికొచ్చినందుకు లెక్కలోంచి జారిపోవడం! అంతటాయనకు హార్వర్డ్‌లో పర్మనెంటు పోస్టు ఇవ్వలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లారు. ఆయన నాయకత్వంలోనే అక్కడ బోదకాలు జబ్బుకు హెట్రజాన్ అనే మందు వచ్చింది. బోదకాలు అంటే ఏమిటి? మురుగు కాలువలో పుట్టే దోమతో వచ్చేది. ఆరోగ్యమూ నగరమూ వేరు వేరు శాఖలని ఎవరు చెప్పారు మనకు?

కొంచెం కోపంగా మాట్లాడుతున్నాను, క్షమించండి. కారణం ఉంది. నా మిత్రుడొకడు, సంస్థ పేరు చెప్పను, స్వర్ణముఖి ఇసుక తవ్వకాలకూ బావులు ఎండటానికీ ఉన్న సంబంధం మీద తెలుగులో మంచి వ్యాసాలు రాశాడు. ప్రమోషన్ ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్న: “ఐఎస్‌ఎస్‌ఎన్ ఉందా? ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఎంత?” ఐఎస్‌ఎస్‌ఎన్ అంటే పత్రికకిచ్చే గుర్తింపు నంబరు. వ్యాసంలో ఏముందని ఒక్కరూ అడగలేదు. 2010లో యూజీసీ అధ్యాపకుల పనిని అంకెల్లో తూచే ఏపీఐ మార్కులు పెట్టాక, డబ్బు కడితే వారంలో అచ్చువేసే పత్రికలు వీధికొకటి పుట్టాయి. వాటిని ఆపడానికి కేర్ జాబితా, అంటే యూజీసీ ఒప్పుకునే పత్రికల జాబితా తెచ్చారు. 2025లో అదీ ఎత్తేశారు. నా మిత్రుడు ప్రమోషన్ లేకుండానే రిటైరయ్యాడు.

ఇదంతా నా ఒక్కడి గోడు అనుకోకండి. పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో పరిశోధకుణ్ణి తూచొద్దని 2013లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన వచ్చింది. 2015లో నేచర్ పత్రికలో లైడెన్ మేనిఫెస్టో వచ్చింది, పది సూత్రాలతో. స్థానికంగా అవసరమైన పరిశోధనలోని నాణ్యతను కాపాడాలనేది అందులో మూడోది. ఇంగ్లీషు పత్రికలే ప్రమాణమైతే ఊరి సమస్య ఊరి భాషలో రాసినవాడు నష్టపోతాడని వాళ్లే ఒప్పుకున్నారు.

ఇంకొక్క మాట. అంకె కనబడితే దాని కింద హారం ఏమిటో అడగడం మేడమ్ దగ్గరే నేర్చుకున్నాను. 2011 జనాభా లెక్కల్లో తిరుపతి కార్పొరేషన్ జనం మూడు లక్షల లోపు. కొండకు వచ్చేవాళ్లు రోజుకు 60, 70 వేలు. వాళ్లు ఇక్కడి నీళ్లు తాగుతారు, ఇక్కడి సత్రంలో పడుకుంటారు, ఇక్కడి దోమ కుడితే జ్వరం ఇంటికెళ్లాక వస్తుంది. ఆ జ్వరం మన లెక్కలోకి రాదు. వాళ్లకోసం నిలవ చేసిన నీళ్లు ఏ తలసరి లెక్కలోకీ రావు. యాత్రికుణ్ణి వదిలేసి తిరుపతి ఆరోగ్యం మీద రాసే ఏ పేపరైనా, ఎంత ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఉన్నా, నేను అనుమానంగానే చదువుతాను.

వెనక వరసలోని పిల్లలూ, ఫోన్లు పక్కన పెట్టండి. మీ గైడు ఇంగ్లీషులో రాయమంటే రాయండి, తప్పదు. కానీ ఈ జిల్లా మీద చేసిన ప్రతి థీసిస్‌కూ తెలుగులో నాలుగు పేజీలు రాసి, ఒకటి లైబ్రరీలో, ఒకటి ఆ వార్డు సచివాలయంలో ఇవ్వండి. రిజిస్ట్రార్ గారూ, దానికో సర్క్యులర్ వేయడానికి రూపాయి ఖర్చు కాదు. కార్పొరేషన్ నుంచి వచ్చిన అధికారులకు కూడా ఒక విన్నపం. మేడమ్ మ్యాపులో లేని కొత్త కాలనీలు చాలా వచ్చాయి. వాటికి నీళ్లొచ్చే రోజులు గుర్తు పెట్టించి కొత్త మ్యాపు గీయించండి. మనకు పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లో. 2021 నవంబరు వరదలు ఎవరూ మరిచిపోలేదు కదా. ఆలోపు కావాలి.

మేడమ్‌కు శాలువా కప్పే భాగ్యం పెద్దలది. నేను ఆ కరపత్రాన్ని మళ్లీ టైపు చేయించి, శుభ్రంగా జెరాక్సులు తీయించి, గుమ్మం పక్క బల్ల మీద పెట్టించాను. భోజనానికి వెళుతూ తలా ఒకటి తీసుకోండి. వార్డు సచివాలయాల నుంచి వచ్చినవాళ్లు మాత్రం రెండేసి తీసుకోండి, ఒకటి గోడకు.