బూటు వెనక పట్టీ

వ్యాఖ్యాత: నమస్కారం. కంప్యూటర్ బూట్ కావడం లేదని తరచూ అంటుంటాం. ఆ బూటుకూ కాలికి తొడిగే బూటుకూ ఏమైనా చుట్టరికం ఉందా అండీ? యంత్రాన్ని తన్ని లేపుతారేమో అనుకునేదాన్ని.

అతిథి: చుట్టరికమేమిటి, రెండూ ఒకటే! తన్నడం మాత్రం లేదు. అసలు మాట బూట్‌స్ట్రాప్. పొడవాటి తోలు బూటు పైఅంచున చిన్న పట్టీ కుట్టి ఉంటుంది చూడండి. అందులో వేలు దూర్చి లాగితే బూటు కాలికెక్కుతుంది.

వ్యాఖ్యాత: అది కంప్యూటర్‌లోకి ఎలా దూరింది?

అతిథి: ఒక వెటకారం మీదుగా. 19వ శతాబ్దపు అమెరికాలో, బూటు పట్టీలు పట్టుకుని తనను తానే పైకి లేపుకోవడమంటే జరగని పని అని అర్థం. నిలబడ్డ చోటే వంగి రెండు పట్టీలూ ఎంత లాగినా నేల నుంచి అంగుళం లేవరు కదా! తర్వాత అదే మాట సొంత కష్టంతో పైకొచ్చినవాళ్లకు పొగడ్తగా మారింది. నాకైతే పాత అర్థమే ఇష్టం.

వ్యాఖ్యాత: గొప్పలు కోసే కథల నాయకుడు బారన్ మంచాసెన్ అలాగే ఊబిలోంచి బయటపడ్డాడని విన్నాను.

అతిథి: చాలామంది అలాగే చెబుతారు. కానీ కథలో ఆయన లాగింది తన జుట్టును, అదీ గుర్రంతో సహా! సరే, కంప్యూటర్ దగ్గరికి వద్దాం. ప్రోగ్రామును మెమరీలోకి ఎక్కించాలంటే, ఎక్కించే ప్రోగ్రాము ఒకటి అక్కడ ముందే ఉండాలి. మరి దాన్ని ఎక్కించేది ఎవరు?

వ్యాఖ్యాత: పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు!

అతిథి: సరిగ్గా అదే. 1950ల ఇంజనీర్లు ఈ చిక్కుకు బూటు పట్టీ పేరు పెట్టారు. 1952 నాటి ఐబీఎం కంపెనీ కంప్యూటర్ 701నే తీసుకోండి. దానికి లోడ్ అనే బటన్ ఉండేది. నొక్కితే చిల్లులు పొడిచిన పంచ్ కార్డు నుంచో, టేపు నుంచో 36 బిట్లు, అంటే 36 సున్నాలో ఒకట్లో, మాత్రం లోపలికి వస్తాయి. అందులో ఎడమ సగం, అంటే 18 బిట్లు, ఒక ఆదేశం. ఆ ఆదేశం మరికొన్నింటిని చదివిస్తుంది, అవి ఇంకొన్నింటిని. అలా తీగ లాగితే డొంకంతా కదులుతుంది.

వ్యాఖ్యాత: అయితే మొదటి లాగుడు బయటి వేలిదేనన్నమాట.

అతిథి: అవును, చిన్న మోసం ఉంది! 1975లో వచ్చిన ఆల్టెయిర్ 8800 అనే చిన్న కంప్యూటర్‌లోనైతే ఆ వేలికి పని మరీ ఎక్కువ. పేపర్ టేపును చదివే చిన్న ప్రోగ్రామును ముందు వైపున్న స్విచ్‌లతో ఒక్కొక్క బైటుగా ఎక్కించాలి. కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచే. తర్వాత ఆ తొలి ఆదేశాలను చెరగని చిప్‌లో పెట్టేశారు. మాట కూడా అరిగి, పట్టీ ఊడిపోయి బూట్ ఒక్కటే మిగిలింది.

వ్యాఖ్యాత: ఐబీఎం వాళ్లూ బూట్ అనే అంటారా?

అతిథి: వాళ్ల మెయిన్‌ఫ్రేముల దగ్గర, అంటే పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటర్ల దగ్గర, ఐపీఎల్ అంటారు. ఇనీషియల్ ప్రోగ్రామ్ లోడ్.

వ్యాఖ్యాత: క్రికెట్ అనుకున్నాను! దానికన్నా బూటే నయం.