చీము పప్పులో లేదు

(జాతీయ సైన్స్ దినోత్సవం నాడు కర్నూలులోని ఒక డిగ్రీ కాలేజీలో రిటైర్డ్ ఆపరేషన్ థియేటర్ సిస్టర్ చేసిన ప్రసంగం)

ప్రిన్సిపాల్ గారికి, సార్లకు, మేడమ్‌లకు, పిల్లలకు నమస్కారం. శాలువా కప్పినారు, సంతోషం. 1928లో ఇదే రోజు రామన్ గారు వెలుతురులో ఏం కనిపెట్టిందీ మీ సార్లు చెప్పేసినారు. వెలుతురుతో వైద్యం సంగతి నేను చెప్తా.

1900లో మ్యూనిక్‌లో ఆస్కార్ రాబ్ అనే వైద్య విద్యార్థి అక్రిడిన్ రంగు కలిపిన నీళ్లలో సూక్ష్మజీవులను పెట్టినాడు. వెలుతురు తగిలితే అవి చచ్చినాయి. ఒట్టి రంగు చంపలేదు, ఒట్టి వెలుతురూ చంపలేదు. రంగుమందు వెలుతురును పీల్చి పక్కనున్న ఆక్సిజన్‌ను రెచ్చగొడుతుంది, అది కణాన్ని ఉన్నచోటనే దెబ్బతీస్తుంది. క్యాన్సర్ కణమైనా సరే, చీము పట్టించే క్రిమైనా సరే.

చీమంటే గుర్తొచ్చింది. ఆపరేషన్ అయినోళ్లకు మన ఇండ్లలో పప్పు ఎందుకు పెట్టరమ్మా? నేను పప్పు, గుడ్డు తినమని చెప్పి అట్ల పోతానే, అత్తగారొచ్చి ప్లేటు తీసేసేది. "చీము పడుతుంది సిస్టరమ్మా" అనేది. ఒట్టి చారన్నం తింటే కుట్లు ఎట్ల మానతాయి? సర్వీసంతా మొత్తుకున్నా, ఒక్కరూ వినలే.

చీము పప్పులో లేదు, ముక్కులో ఉంది! స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే క్రిమి చానామంది ముక్కుల్లోనే కాపురముంటుంది. ఆడ నుంచి చేతికి, చేతి నుంచి కోతకు. కెనడాలో వాంకూవర్ జనరల్ ఆసుపత్రిలో 2011లో ఆపరేషన్‌కు ముందే రోగి ముక్కులో మిథిలీన్ బ్లూ అనే నీలం రంగుమందు పూసి, ఎర్ర లైటు పెట్టడం మొదలుపెట్టినారు. కొన్ని నిమిషాల పని. క్రిమిని ఒకే చోట కాకుండా నానా చోట్లా కొడుతుంది కాబట్టి, యాంటీబయాటిక్‌లకు అలవాటు పడినంత సులభంగా ఆ క్రిమి దీనికి అలవాటు పడి తప్పించుకోలేదు.

ఎముక క్యాన్సర్ గడ్డల మీద మాట్లాడమని పిలిచినారు, పప్పు దగ్గరే టైమంతా పాయె. ఎర్ర లైటు ఒంట్లోకి సెంటీమీటరు దాకా పోవడమే కష్టం. అందుకే కెనడాలోనే టొరంటోలో, వెన్నుపూసలకు పాకిన క్యాన్సర్‌కు సూదిలోంచి లైటు మోసే సన్నటి ఫైబర్ దూర్చి లైటు ఇచ్చి చూసినారు, ఆ వెనకే వెన్నుపూస గట్టిగా నిలిచేదానికి ఎముక సిమెంటు నింపినారు. ఈ లైటు వైద్యానికి వాడే మందుల్లో ఫోటోఫ్రిన్ అనేది ఒకటుంది, అది ఎక్కిస్తే కనీసం 30 రోజులు ఎండ తగలకూడదు. మన కర్నూలు ఎండల్లో! నవ్వకండి, నిజమే.

ఎదిగే పిల్లల మోకాలి దగ్గర వచ్చే ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్‌కు మాత్రం ఈరోజుకీ కీమో, ఆపరేషనే. లైటు కొడితే పోతుందని ఎవరన్నా చెప్తే డబ్బులు ఇయ్యొద్దండి. రాత్రిపూట నొప్పి, తగ్గని వాపు ఉంటే నాటుకట్టు కట్టించి నెలలు పోగొట్టుకోవద్దు, ముందు ఎక్స్‌రే తీయించండి.

ఆ చివర బెంచీ నాయనా, కుంటుతా వచ్చినావు, చూసినా. మీటింగ్ అయినాక నన్ను కలువు.