నంబరు దాచిన బండి గుద్దితే

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, కాలనీ సంఘం వారికి, మా ఆటో, క్యాబ్ అన్నలకు నమస్కారం. పేరుపేరునా చెబితే ఇచ్చిన సమయం దానికే సరిపోతుంది, మన్నించండి. రోడ్డు భద్రతా మాసం అనగానే హెల్మెట్ ఉపన్యాసం ఉంటుందని వచ్చారేమో. నేను బండి వెనకుండే నంబరు రేకు గురించి మాట్లాడతాను.

వెళ్లేటప్పుడు పార్కింగులో ఓ చూపు చూడండి. ఒక ప్లేటు పైకి వంగి ఉంటుంది. ఒకదానికి మాస్కు కట్టి ఉంటుంది. ఇంకోదాని చివరి అంకె మీద నల్ల టేపు. ఎందుకని అడిగితే "కెమెరా అన్నా" అంటారు.

ముందు ఆ కెమెరా సంగతి చూద్దాం. స్పీడ్ గన్ మీ ప్లేటు చదివి వేగం కొలవదు. కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ లేజర్ పల్సులు వదిలి, అవి బండికి తగిలి తిరిగొచ్చే సమయం లెక్కపెడుతుంది. 300 మీటర్ల దూరంలోని బండి దాకా పోయి రావడానికి పల్సుకు పట్టేది 2 మైక్రోసెకన్లు. వరసగా వచ్చే పల్సుల్లో దూరం ఎంత తగ్గుతోందో చూస్తే వేగం తేలిపోతుంది. అద్దానికి సీడీ వేలాడదీస్తే లేజర్ పనిచేయదని ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. దానితో ఒరిగేదేమీ లేదు.

ఇక ఆన్‌లైన్‌లో అమ్మే స్ప్రే. ఫ్లాష్ కొట్టగానే ప్లేటు తెల్లగా వెలిగి అంకెలు కనిపించవని చెప్పి అమ్ముతారు. పగలు ఫ్లాషే అక్కర్లేదు. రాత్రి నంబరు చదివే కెమెరాలు సాధారణంగా ఇన్‌ఫ్రారెడ్ వెలుగుతో పనిచేస్తాయి. హై సెక్యూరిటీ ప్లేటు మీది ఫిల్మ్ తనకు తగిలిన వెలుగును వచ్చిన దారినే వెనక్కి పంపుతుంది. అందుకే ఫోటోలో అంకెల వెనకున్న ప్లేటు తెల్లగా, అంకెలు నల్లగా తేలతాయి. కెమెరా తయారైందే ఆ మెరుపును లెక్కలోకి తీసుకుని. దాని మీద ఇంకో మెరుపు పూస్తే డబ్బు దండగ.

రూలు కూడా చెప్పేస్తాను. కారు అంకె ఎత్తు 65 మిల్లీమీటర్లు, గీత మందం 10, అంకెకూ అంకెకూ మధ్య 10. బైకు వెనక అక్షరాలు 35, అంకెలు 40, మందం 7, సందు 5. వంపుల రాత, ప్లేటుకు అడ్డంగా పెట్టిన అదనపు సీటు, ప్లేటు మీద పడే సామాను, సైటు బురద, వీటన్నిటి వల్లా చదవడం తప్పుతుంది. మరొకటి, 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ వచ్చింది కదా, కొందరు పాత టీఎస్ మీద స్టిక్కర్ అంటించుకుని టీజీ చేసుకున్నారు. అభిమానం ఉంటే ఉండనీ, అలా మార్చడం ట్యాంపరింగే. పాత నంబరు పాతదిగానే చెల్లుతుంది.

ఒక మాట పక్కకు పోతాను. 2023 డిసెంబర్ చివర్లో పెండింగ్ చలాన్ల మీద బైకులకు 80 శాతం తగ్గించారు. 2022 మార్చిలో 75 శాతం. "ఆగితే డిస్కౌంట్ వస్తది" అనే మాట అప్పుడే పుట్టింది. టైముకు కట్టినవాడు పిచ్చోడయ్యాడు! సరే, అది పాలకుల సంగతి.

అసలు మాటకొస్తాను. ప్లేటు దాచేవాడు చలాను గురించే ఆలోచిస్తాడు. అదే బండి ఎవరినైనా గుద్ది వెళ్లిపోతే ఏమవుతుందో లెక్క వేద్దాం. కాగితం ఉన్నవాళ్లు రాసుకోండి.

నెలకు 20 వేలు సంపాదించే 30 ఏళ్ల ఆటో అన్న చనిపోయాడనుకోండి. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. గుద్దిన బండి నంబరు తెలిస్తే, దానికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉంటే, కేసు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళ్తుంది. ఏడాదికి 2,40,000. భవిష్యత్తు ఆదాయం కింద 40 శాతం కలిపితే 3,36,000. నలుగురు ఆధారపడ్డారు కాబట్టి ఆయన సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 2,52,000. ఆ వయసుకు గుణకం, అంటే దాన్ని హెచ్చించాల్సిన అంకె, 17. మొత్తం 42,84,000 రూపాయలు. సుప్రీంకోర్టు 2009లో, 2017లో ఇచ్చిన తీర్పుల ప్రకారం వేసే లెక్క ఇది.

నంబరు తెలియకపోతే? హిట్ అండ్ రన్ పథకం. మృతుడి కుటుంబానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు. అదీ 2022 ఏప్రిల్ నుంచే. అంతకుముందు చనిపోతే 25 వేలు, గాయానికి 12,500 ఇచ్చేవాళ్లు.

వెయ్యి రూపాయల చలాను తప్పించుకోవడానికి అంటించిన టేపు ముక్క, ఒక తల్లికి రావాల్సిన 40 లక్షలు మింగేస్తుంది. గుద్దేది మీరేనని నేననడం లేదు. మీ అన్ననో, మీ బామ్మర్దినో గుద్దే బండికి కూడా అదే టేపు ఉండొచ్చు. ఔటర్ రింగ్ రోడ్డు మీద డివైడర్ పక్క వరసల్లో గంటకు 120 కిలోమీటర్ల దాకా పోవచ్చు కదా, ఇంకెంత కావాలి బాబూ? దయచేసి ఆ టేపులు పీకేయండి!

అంకె మార్చినవాడి చలాను ఇంకొకరి ఇంటికొస్తుంది. మీకు అలా వస్తే భయపడి కట్టేయకండి. ఈ-చలాన్ సైటులో ఫోటో తెరిచి మోడల్, రంగు, అద్దాలు, సీటు కవరు మీ బండితో పోల్చండి. ఆర్‌సీ కాపీ, మీ బండి ముందు వెనక ఫోటోలు జతచేసి ట్రాఫిక్ పోలీసులకు రాతపూర్వకంగా ఇవ్వండి. ఆర్టీఏలో మీ ఫోన్ నంబరు పాతదైతే ముందు అది మార్పించండి. లేకపోతే మెసేజ్ ఇంకెవరికో పోతుంది.

హిట్ అండ్ రన్ పథకం సొమ్ము కావలసిన కుటుంబాలు ఎవరైనా ఇక్కడుంటే, దరఖాస్తు ఫారం-1లో పెట్టాలి. అది వెళ్లేది తహసీల్దార్ లేదా ఆర్డీఓ స్థాయి విచారణ అధికారికి, మంజూరు చేసేది కలెక్టర్. ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు కాపీలు సిద్ధంగా పెట్టుకోండి. బండి ఏదో నెలలోగా తేలకపోతే ఈ పథకం ఉందని బాధితులకు చెప్పాల్సిన బాధ్యత పోలీసులదేనని 2024 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. స్టేషన్‌లో చెప్పకపోతే మీరే అడగండి. ఫిర్యాదు ఇచ్చినవారికి ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితం, దానికి ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వొద్దు.