కార్డు చేతికి రాకముందే తోట లెక్క తేల్చుకోండి
(అమలాపురంలో పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. పండగ ముందు రోజులు, ఇళ్లల్లో ఎన్ని పనులుంటాయో నాకు తెలుసు. అందుకని వేదిక మీది పెద్దల పేర్లు వరసగా చదవడం లేదు, మన్నించాలి. నాకిచ్చిన అంశం 'విశ్రాంత జీవితంలో పొదుపు'. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు మా బావగారి కొబ్బరి తోట గురించి చెప్పాలి.

అంతకన్నా ముందు ఒక మాట. పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లు చెయ్యెత్తండి. సగం హాలు ఎత్తింది. ఇప్పుడు, వాళ్ల దగ్గరికే వెళ్లి ఉండిపోవాలనుకునేవాళ్లు తప్ప మిగతావాళ్లు దించేయండి. ఇంకా చాలామందే ఉన్నారు. ఈ మాటలు మీకోసమే.

మా బావగారు మేష్టారు. 34 ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పారు. వైనతేయ గోదావరి గట్టుకి దగ్గర్లో రెండెకరాల తోట, 1974లో వాళ్ల నాన్నగారు పోయాక ఆయన వాటాకి వచ్చింది. కొబ్బరికాయల దింపు రోజున అక్కయ్య తెల్లవారకముందే లేచి దింపువాళ్లకి కాఫీ పెట్టేది. ఆ తోట మీదే ఇద్దరు పిల్లల చదువులు గడిచాయి. 2018లో కొడుకు గ్రీన్‌కార్డు పెట్టించాడు. ఇద్దరూ వెళ్లారు. ఏడాది తిరగకుండా వచ్చి, తోట చూసుకునేవాళ్లు లేరని 2019లో అమ్మేశారు. కోటీ పది లక్షలు. ప్రతి రూపాయీ దస్తావేజులో చూపించారు, నల్లడబ్బు తీసుకోలేదు.

ఇక్కడి ఆడిటరు గారు, పల్లెటూరి వ్యవసాయ భూమి కనుక పన్ను లేదన్నారు. ఆ మాట నిజం. మున్సిపాలిటీ జనాభా పదివేలు దాటి లక్షలోపు ఉంటే రెండు కిలోమీటర్లు, లక్ష నుంచి పది లక్షల దాకా ఉంటే ఆరు కిలోమీటర్లు, ఆ పైన ఎనిమిది. గాలిలో కొలిచే దూరం, రోడ్డు దూరం కాదు. ఆ గీతకి అవతల ఉన్న సాగుభూమి అమ్మితే మన ఆదాయపు పన్ను చట్టం లాభం లెక్క అడగదు. మన అమలాపురానికి రెండు కిలోమీటర్లు, భీమవరానికి ఆరు. బావగారి తోట ఆ గీతకి ఎంతో దూరం. ఆయన నిశ్చింతగా విమానం ఎక్కారు.

మరుసటి ఏడాది వేసవిలో అక్కడి లెక్కలు రాసే మనిషి, ఈ డబ్బు ఎక్కడిదని అడిగాడు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా అమెరికాకి చూపించాలి. పల్లెటూరి పొలానికి మినహాయింపు మన చట్టంలో ఉంది, వాళ్ల చట్టంలో లేదు. కొన్న ధర ఏమిటంటే, తండ్రి పోయిననాటి విలువ. 1974లో ఎకరం కొన్ని వేలు. మనకి 2001 ఏప్రిల్ 1 నాటి విలువ తీసుకునే వెసులుబాటు ఉంది, వాళ్లకి లేదు. దాదాపు అమ్మిన ధరంతా లాభమే అయిపోయింది. రెండు దేశాల మధ్య 1989లో కుదిరిన ఒప్పందం ఉంది కదా అని నేను కూడా అనుకున్నాను. దాని ప్రకారం ఇక్కడ కట్టిన పన్ను అక్కడ తగ్గిస్తారు. ఇక్కడ సున్నా కట్టినప్పుడు తగ్గించడానికి ఏముంటుంది? అయిదు లక్షల పైచిలుకు కట్టారు.

డబ్బు కన్నా ఇంకో సంగతి నన్ను కలచివేసింది. ఆ రాత్రి ఫోన్లో, "నేను దొంగతనం చేసినట్టు అడుగుతున్నారమ్మా" అన్నారు. జీవితంలో ఒక్క పైసా ఎగ్గొట్టని మనిషి. ఇక్కడి ఆడిటరు గారు తప్పు చెప్పలేదు, అక్కడి మనిషీ తప్పు చెప్పలేదు. ఆ ఇద్దరినీ ఒక్క గంట ఫోన్లో కలిపినవాళ్లు లేరు. నేను 31 ఏళ్లు బ్యాంకులో చేశాను, నేనైనా కలపాల్సింది. ఆ బాధ నాకు ఇంకా పోలేదు.

చేతులు ఎత్తినవాళ్లు ఇది బాగా గుర్తుపెట్టుకోండి. కార్డుతో అక్కడ విమానం దిగిన రోజు నుంచి మీ లెక్క మారిపోతుంది. అమ్మదల్చుకుంటే, ఆ రోజుకి ముందే అమ్మి డబ్బు చేతికి తీసుకోండి. అమ్మమని నేను చెప్పడం లేదు. తోట ఉంచుకుని వీలునామా రాయడం చాలామందికి మంచిదని నా అభిప్రాయం.

వీలునామా అంటే గుర్తొచ్చింది. మనవాళ్లు ప్రేమకొద్దీ అమెరికాలో ఉన్న కొడుక్కి పొలం సెటిల్‌మెంటు దస్తావేజు, అంటే తాము ఉండగానే దానంగా, రాసేస్తున్నారు. దయచేసి అలా చేయకండి. విదేశాల్లో స్థిరపడినవాళ్లు వ్యవసాయ భూమిని, తోటని, ఫామ్‌హౌసుని కొనకూడదు, దానంగా పుచ్చుకోకూడదు. వారసత్వంగా మాత్రం రావచ్చు. ఇల్లయితే దానంగా ఇవ్వొచ్చు, పొలమైతే వీలునామాయే దారి. ఇద్దరు సాక్షులుండాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయించండి. రేపు ఆ పిల్లలు అమ్మాలన్నా ఇక్కడుండే భారతీయుడికే అమ్మాలి.

ఇంకోటి, ఇల్లు. మీరు ఇక్కడ ఉండగా ఇల్లు అమ్మితే, ధర 50 లక్షలు ఉన్నా దాటినా కొన్నవాళ్లు ఒక్క శాతం పట్టుకుని పన్నుకి కడతారు. మీరు ఎన్నారై అయ్యాక అదే ఇల్లు అమ్మితే 12.5 శాతం, పైన సెస్సు, పెద్ద మొత్తమైతే సర్‌చార్జి. అదీ మీ లాభం మీద కాదు, మామూలుగా మొత్తం ధర మీద. ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ కోతకి ధ్రువపత్రం ముందే తెచ్చుకుంటే తప్పుతుంది. లేకపోతే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవాలి. 2024 జూలై 23కి ముందు కొన్న ఆస్తికి ద్రవ్యోల్బణం కలుపుకుని 20 శాతం లెక్క వేసుకునే అవకాశం ఇక్కడుండేవాళ్లకే ఉంది, ఎన్నారైలకి లేదు.

పవరాఫ్ అటార్నీ గురించి రెండే ముక్కలు. అక్కడ రాసింది ఇక్కడికి చేరాక మూడు నెలల్లో స్టాంపు వేయించాలి. ఇచ్చిన మనిషి పోతే అది కూడా పోతుంది. ఆ తర్వాత దాంతో చేసిన రిజిస్ట్రేషన్లతో కోర్టుల చుట్టూ తిరిగే అన్నదమ్ముల్ని నేను చూశాను.

కార్డు వద్దు, విజిటర్ వీసా మీద ఏటా ఆరు నెలలు వెళ్లొస్తాం అంటారు కొందరు. అక్కడా ఒక లెక్క ఉంది. ఈ ఏటి రోజులన్నీ, నిరుటి రోజుల్లో మూడో వంతు, అంతకు ముందటేటి వాటిలో ఆరో వంతు కలుపుతారు. ఏటా 180 రోజులుంటే 180, 60, 30 కలిపి 270. హద్దు 183. అది దాటితే కార్డు లేకపోయినా మిమ్మల్ని అక్కడివాళ్లుగానే పన్ను లెక్కలోకి తీసుకుంటారు. ఆ ఏడాది 183 రోజుల లోపే ఉండి, నా ఇల్లూ వాకిలీ ఇండియాలోనే అని చూపుతూ వాళ్ల ఫారం గడువులోగా వేస్తే ఈ లెక్క వర్తించదు. ఆ ఫారం వేయాలని చాలామందికి తెలియదు.

వెళ్లనివాళ్లు కూడా వినండి. మీ ఎఫ్‌డీలో జాయింటుగా పిల్లవాడి పేరు పెట్టారా? బయటి దేశాల ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే వాడు అక్కడ చెప్పుకోవాలి. చెప్పకపోతే జరిమానా భారీగా ఉంటుంది. ఈ రాత్రే ఫోన్ చేసి అడగండి. వెళ్లేవాళ్లు మీ సేవింగ్స్ ఖాతాని ఎన్నారోగా, అంటే ఎన్నారైలకి ఇక్కడి రాబడి పడే ఖాతాగా, మార్పించుకోండి. పెన్షను, కౌలు, కొబ్బరి డబ్బు అందులోనే పడతాయి. అందులోంచి ఆర్థిక సంవత్సరానికి పది లక్షల డాలర్ల దాకా బయటికి పంపుకోవచ్చు.

పొదుపు గురించి చెప్పడానికి టైము మిగల్లేదు. నిర్వాహకులు ఏమీ అనుకోకండి.

బావగారు రెండేళ్ల క్రితం వచ్చి, తోట కొన్నవాళ్లని అడిగి ఒక పూట లోపల తిరిగారు. అక్కయ్య గట్టు మీదే ఉండిపోయింది, లోపలికి రాలేదు.

భోజనాలయ్యాక నేను ఆ కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటాను. పాసు పుస్తకం జిరాక్సు, సర్వే నంబరు, పిల్లల వీసా ఏ రకమో రాసుకుని రండి. ఎవరికి ఈసీ, అంటే ఆస్తి మీద అప్పులూ లావాదేవీలూ చూపించే పత్రం, తీయించాలో, ఎవరు ఆడిటరుతో ముందు మాట్లాడాలో ఒక్కొక్కరికీ కాగితం మీద రాసిస్తాను. తొందరేమీ లేదు, సాయంత్రం దాకా ఉంటాను.